చలనచిత్రమున జూచిన పట్టణము

బాల్యమున నొక చలనచిత్రమును జూచి, అందు గానవచ్చిన పట్టణమును పెద్దవారమైన పిమ్మట కన్నులార జూడవలెనని కోరుట తగునా యని కొందఱు తల్లిదండ్రులు మమ్మడుగుచుందురు. ద్రవ్యము వెచ్చించి సముద్రములు దాటి పోవువారు విద్యకొఱకో, వైద్యముకొఱకో, చరిత్రస్థలములను దర్శించుటకొఱకో పోవలెను గాని పాటలకొఱకు బోవుటేమని వారి యాక్షేపణ. అది తగునే యని మా యభిప్రాయము. ఏ ద్వారమున బ్రవేశించినను ఇల్లు ఇల్లే. అయితే గడపమీద నిలిచి ఛాయాపటము తీయించుకొని, లోనికి బోకయే మఱలివచ్చుట మాత్రము మాకు సమ్మతము గాదు. ఆ గడపకును ఆ యింటికిని గల భేదమును మా కనుభవమునకు వచ్చినంతవఱకు ఇచ్చట వ్రాయుచున్నాము.

మేము చెప్పబోవునది ఆస్ట్రియాదేశమందలి సాల్జ్‌బర్గు పట్టణమును గూర్చి. చిత్రము ‘ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్’. దీని నెఱుగని పాఠశాల మన ప్రాంతమున అరుదు. వార్షికోత్సవము వచ్చెననిన, తెల్లని దుస్తులు దొడిగిన ఏడుగురు పిల్లలు ఎత్తు వరుసను నిలిచి ‘డో రే మీ’ పాడకమానరు. మన పిల్లలకు ఈ పాట అంత త్వరగా వచ్చుటకు గారణ మున్నది. ‘డో రే మీ’ అనునది మన ‘స రి గ మ’ వంటిదే. పదునొకండవ శతాబ్దమున ఇటలీదేశమున గీదో యను సన్యాసి యొక లాటిను కీర్తనమందలి పాదముల మొదటి యక్షరములను దీసి, బాలురకు స్వరములు నేర్పుటకు వాడెను. ఆ వరుసనుండియే యిది వచ్చినది. మన బాలబాలికలు మాయామాళవగౌళలో సరళీస్వరములు వల్లించిన నోటితోనే దీనిని పాడుదురు. ఈ పాటలోని మెట్లు మాత్రము మన శంకరాభరణపు మెట్లు. ఇట్లు వినగానే పరిచయమైనట్లు తోచు పాట యగుటచే, దాని వెంట ఆ కొండలును, ఆ తోటలును, ఆ మెట్లును మన పిల్లల మనస్సులలో బాతుకొనిపోయినవి.

చిత్రము 1965వ సంవత్సరమున వెలువడెను. దర్శకుడు రాబర్ట్ వైజ్. మరియా పాత్రమును ధరించినది జూలీ ఆండ్రూస్. ఉత్తమచిత్రమునకు గల బహుమానముతోగూడ దీనికి అయిదు ఆస్కార్ బహుమానములు వచ్చెను. కథ యందఱును ఎఱిగినదే గనుక వివరింపము. మఠమందు శిష్యురాలుగా నుండిన యొక యువతి, తల్లిలేని ఏడుగురు పిల్లల యింటికి ఉపాధ్యాయినిగా బోయి, ఆ యింట సంగీతమును నెలకొల్పి, వారి తండ్రియగు నౌకాధిపతిని వివాహమాడును. నాజీలు దేశము నాక్రమింపగా ఆ కుటుంబము కొండలు దాటి తప్పించుకొనిపోవును.

సాల్జ్‌బర్గున దిగిన మొదటి దినమున మాకు గలిగిన యాశ్చర్యము, ఆ పట్టణము చిత్రములో నున్నట్లే యుండుట. సాల్జాఖ్ నది నడుమ బాఱుచున్నది. 1077వ సంవత్సరమున గట్టుట కారంభించిన కోట కొండమీద తెల్లగా గూర్చున్నది. మిరాబెల్ తోటలో పిల్లలు స్వరములు పాడుచు ఎక్కిదిగిన మెట్లు అవియే. రెక్కలగుఱ్ఱపు బొమ్మ అదియే. ఆ మెట్లమీద మేము నిలిచియున్న యర్ధగంటలో జపానుదేశస్థులు, అమెరికనులు, మన కేరళదేశమువారు వరుసగా వచ్చి, ఆ పాటయే పాడి, ఆ విధముగనే గెంతి, చాయాపటములు దీయించుకొని పోయిరి. ఒక వృద్ధుడు చేతికఱ్ఱను తోడి మనుమరాలి కిచ్చి రెండుమెట్లు గెంతెను. దీనిని జూచి నవ్వుట సులభము. మేము నవ్వలేదు. ఆ ముఖములలో నున్నది వట్టి వేడుక గాదు. చిన్ననాటి యింటికి దారి దొరకినవారి ముఖము లట్లుండును.

రెండవ యాశ్చర్యము, ఆ యూరివారిలో ననేకులకు ఈ చిత్రముతో నంతటి పరిచయము లేకుండుట. ఆస్ట్రియాలో ఈ చిత్రమునకు బహుకాలము ఆదరణము గలుగలేదు. వారికి అంతకుముందే 1956లో జర్మనుభాషలో ‘ట్రాప్ కుటుంబము’ అను చిత్రము వచ్చియుండెను. ఈ కథ వారికి దానిద్వారా తెలియును. పైగా ‘ఎడెల్వైస్’ అను పాటను ఆస్ట్రియావారి జాతీయగీతమనియో, ప్రాచీనమగు జానపదగీతమనియో తలచి పోవువారు గలరు. అది అమెరికాలో రంగస్థలముకొఱకు 1959లో హామర్‌స్టైన్ అను కవి వ్రాసినది. ఆయన మఱుసటి సంవత్సరమే మరణించెను. ఆ పాటను విని కన్నీరు విడుచుటలో దోషము లేదు. అది ఆ దేశపు గీతమని ఆ దేశస్థునితో వాదించుట మాత్రము హాస్యాస్పదము.

ఇక సత్యాసత్యముల మాట. చిత్రమునకును చరిత్రకును గల భేదములు చాల గలవు. వానిలో గొన్ని నిరపాయములు, కొన్ని కావు. రెంటిని వేఱుచేయుట యావశ్యకము.

నిరపాయమైనవి మొదట. చిత్రారంభమున మరియా చేతులు జాచి తిరుగుచు బాడు పచ్చనికొండ ఆస్ట్రియాలో లేదు. సరిహద్దున కావల జర్మనీదేశపు బవేరియాలో నున్నది. వివాహదృశ్యమును దీసినది మోండ్‌జే యను నూరి దేవాలయములో; నిజమైన వివాహము 1927వ సంవత్సరము నవంబరు 26వ తేదీన సాల్జ్‌బర్గునందలి నోన్‌బెర్గ్ మఠములో జరిగెను. నౌకాధిపతి యింటి ముందుభాగము ఒక భవనము, వెనుకభాగము వేఱొక భవనము. లోపలి గదులన్నియు హాలీవుడ్డులో గట్టిన రంగములు. పిల్లల పేరులు, వయస్సులు మార్చిరి. జ్యేష్ఠుడు రూపర్ట్ అను కుమారుడు కాగా చిత్రములో నొక కుమార్తెను జ్యేష్ఠురాలిని జేసిరి. మరియా యా యింటికి 1926లో వచ్చినది ఏడుగురికిని గాక, జబ్బుపడి లేచి బడికి బోలేని యొక బాలికకు మాత్రమే చదువు చెప్పుటకు. ఇవి కథకునికి గల స్వేచ్ఛలు. మన హరికథకులును ఇంతకంటె తక్కువ చేయరు.

కొండలు దాటుట కొంత చిక్కైన విషయము. సాల్జ్‌బర్గు పటమును ముందుంచుకొన్న బాలుడెవడైనను దీనిని గనిపెట్టగలడు. ఆ కొండల నెక్కి ఆవల దిగినచో జేరునది స్విట్జర్లాండు గాదు, జర్మనీ. అందులోను హిట్లరు కొండయిల్లు గల బెర్ఖ్‌టెస్‌గాడెన్ ప్రాంతము. పులిని దప్పించుకొనదలచినవాడు పులిగుహలోనికే దిగినట్లగును. నిజమునకు ట్రాప్ కుటుంబము 1938లో పట్టపగలు రైలుబండి యెక్కి ఇటలీకి బోయెను. అమెరికాలో పాడుటకు బోవుచున్నామని యెఱిగినవారితో జెప్పియే పోయిరి. తండ్రి పుట్టిన జారా పట్టణము మొదటి మహాయుద్ధానంతరము ఇటలీకి జేరినందున వారికి ఇటలీ పౌరత్వ ముండెను. అది వారికి అక్కఱకు వచ్చెను. పెట్టెలు పట్టుకొని బండి యెక్కుటలో వేగముగాని, వాద్యఘోషగాని లేదు. అయినను మాకు ఆ రైలుప్రయాణమే యెక్కువ గంభీరముగా దోచుచున్నది. ఇల్లు, తోట, ఊరు, భాష, అన్నియు విడిచి, ఏమియు జరుగనట్లు ముఖము పెట్టుకొని స్టేషనులో నిలుచుట, కొండ యెక్కుటకంటె తక్కువ కష్టము గాదు.

మాకు సమ్మతము గాని మార్పు ఒక్కటి కలదు. చిత్రములో తండ్రి కఠినుడు. భార్య పోయిన దుఃఖముచే సంగీతమును ఇంటనుండి వెడలగొట్టినవాడు. పిల్లలను ఈలవేసి పిలుచువాడు. మరియా వచ్చి ఆ శిలను గరగించును. గేయార్గ్ ఫాన్ ట్రాప్ అట్టివాడు గాడని ఆయన బిడ్డలే చెప్పిరి. ఈల యుండుట నిజమే. విశాలమైన తోటలో దూరముననున్న పిల్లలను బిలుచుటకు నావికుని ఈలను వాడుచుండెను. నావికదుస్తులును నిజమే. కాని ఆయన మృదుస్వభావుడు. మరియా రాకముందే పిల్లలతో గలిసి వాద్యములు వాయించుచు బాడినవాడు. మొదటి మహాయుద్ధములో జలాంతర్గామి నౌకలను నడపి కీర్తి బొందినవాడు. 1922లో భార్యను గోల్పోయినవాడు. 1935లో ధనముంచిన బ్యాంకు దివాలాదీయగా సంపద యంతయు బోయి, ఇంటి గదులను అద్దెకిచ్చి, తన బిడ్డలు వేదికలమీద బాడి సంపాదించుట జూడవలసివచ్చినవాడు. పరువుగల కుటుంబములు జీతమునకు బాడుట ఆ కాలమున గౌరవముగా దలపబడదు. ఆ బాధను ఆయన సహించెను. 1947లో అమెరికాలో మరణించెను. తన్ను గూర్చిన చిత్రమును జూడలేదు, సమాధానము చెప్పుకొనలేదు. భర్తపాత్రమును గొంత మృదువు చేయుడని మరియా కోరినను ఫలింపలేదు. ఆమె జర్మనుకంపెనీకి హక్కుల నదివఱకే విక్రయించియుండుటచే ఆమె మాటకు బలము లేకపోయెను.

కొండను మార్చిన కొండకు నష్టము లేదు. చనిపోయిన మనుష్యుని స్వభావమును మార్చిన, ఆయన బిడ్డలకు నష్టము గలదు. ప్రపంచమంతటను కోట్లకొలది జనులు తమ తండ్రిని పాషాణహృదయునిగా నెఱుగుచుండగా, కాదు కాదని చెప్పుకొనుచు ముసలివారైన బిడ్డల స్థితిని మన పిల్లలు ఒకసారి యాలోచింతురుగాక. ఇందువలన చిత్రమును ద్వేషింపుమని మేము చెప్పము. ఆయన చేసిన ఘనకార్యమును ఆ చిత్రమే ప్రపంచమునకు దెలిపినది. జర్మను నౌకాదళములో ఉద్యోగము నిచ్చెదమన్నను ఆయన పుచ్చుకొనలేదు. హిట్లరు జన్మదినమున బాడుమన్నను కుటుంబమువారు పాడలేదు. ధనముపోయి యద్దెలమీద బ్రతుకుచున్నవాడు పెద్ద యుద్యోగమును వలదనుట, ధనవంతుడు వలదనుటతో సమానము గాదు. చిత్రములో ఆయనను గొప్ప ధనవంతునిగనే చివరవఱకు జూపుటచే ఈ త్యాగము విలువ తగ్గిపోయినది. మాకు దీనిని జూచినప్పుడెల్ల కలుగు విచారము ఇదియే: చరిత్ర కథకంటె మేలుగా నుండగా, కథకుడు దానిని విడిచిపెట్టెను.

యాత్రికుల బస్సు నాలుగుగంటలలో చిత్రస్థలములన్నియు జూపి దింపివేయును. అద్దాలమంటపమును జూడదలచినవారిని హెల్‌బ్రున్ తోటకు గొనిపోవుదురు; దానికి దాళము వేసియుందురు గనుక వెలుపలనుండియే చూడవలెను. మోజార్ట్ పుట్టిన యింటిని గూర్చి వ్రాసినవారు వేలకొలది గలరు, మేము విడిచిపెట్టుచున్నాము. బస్సువారు నిలిపియు చెప్పని రెండు స్థలములను గూర్చి మాత్రము చెప్పవలెను.

మొదటిది రెజిడెన్జ్‌ప్లాట్జ్ అను పెద్ద చదుకము. మరియా మఠమును విడిచి వచ్చుచు, గుఱ్ఱపుబొమ్మలున్న జలయంత్రములోని నీటిని జల్లుకొనినది ఇచ్చటనే. జర్మనులు దేశము నాక్రమించిన తరువాత సైనికులు కవాతు చేయునట్లు చిత్రములో జూపినదియు ఇచ్చటనే. ఆ చదుకముననే 1938వ సంవత్సరము ఏప్రిలు 30వ తేదీన పుస్తకములను గుట్టవేసి తగులబెట్టిరి. ఆ మంటలోనికి బోయిన గ్రంథములలో స్తెఫాన్ త్స్వైగ్ వ్రాసినవియు గలవు. త్స్వైగ్ పరదేశి గాడు. 1919 మొదలు 1934 వఱకు నది కావలియొడ్డున కొండమీది యింట నివసించి, తన ప్రసిద్ధగ్రంథములలో ననేకము నచ్చటనే వ్రాసినవాడు. తగులబెట్టినవారు బెర్లినునుండి దిగినవారే కారు. స్థానికులగు నుపాధ్యాయులును విద్యార్థులును గుంపులో నుండిరి. చిత్రములో నాజీలన దగినవారు నలుగురైదుగురు, తక్కినవారందఱు ఎడెల్వైస్ పాటకు గొంతు గలుపువారు. ఊరి వీధులలో నడచునప్పుడు తల వంచి చూచినచో వేఱొక లెక్క కనబడును. గడపలముందు రాళ్లనడుమ చిన్న ఇత్తడిపలకలు వందలకొలది పొదిగియున్నవి. ఒక్కొక్కదానిమీద నొక పేరు, పుట్టిన సంవత్సరము, ఆ యింటినుండి కొనిపోయిన సంవత్సరము, చంపబడిన చోటు. మా వెంటనున్న పదునాలుగేండ్ల బాలిక మిరాబెల్ తోటలో అందఱికంటె బిగ్గఱగా బాడినది. ఒక దుకాణముముందు ఆ పలకను దొక్కబోయి, కాలు వెనుకకు దీసికొని, చదివి, తరువాత చాలసేపు మాటలాడలేదు. ఆమెకు పాట మీద ప్రేమ తగ్గలేదు. మఱునాడు మరల బాడినది. కాని ఊరు ఆమెకు ఆ క్షణమునుండియే నిజమైన యూరయ్యెను.

రెండవది లేయోపోల్డ్స్‌క్రోన్ భవనము. పిల్లలు పడవనుండి కేరింతలుకొట్టుచు నీటిలో బడిన సరస్సు దీని ముందుననే యున్నది. నీటిలో కొండనీడ పడి మనోహరముగా నుండును. దీనిని గట్టించినవాడు ఫిర్మియాన్ అను ప్రధానమతగురువు. సాల్జ్‌బర్గు రాజ్యమునకు ఆ కాలమున ఆయనయే ప్రభువు. ఆయన 1731వ సంవత్సరము అక్టోబరు 31వ తేదీన నొక శాసనము చేసెను. దానిచే ప్రొటెస్టంటు మతస్థులెల్లరు దేశము విడువవలెను. భూమిలేని కూలివారికి ఎనిమిది దినముల గడువు, భూమిగలవారికి మూడునెలలవఱకు. చలికాలము ముంచుకొనివచ్చుచుండగా రమారమి ఇరువదివేలమంది బిడ్డలను చంకబెట్టుకొని నడచిపోయిరి. వారిలో నధికులు ప్రష్యారాజ్యమున జేరిరి. తరువాత నైదేండ్లకే ఈ భవనము లేచినది. రెండువందల సంవత్సరములు గడచిన తరువాత దాని యజమానుడు మాక్స్ రైన్‌హార్ట్, 1920లో సాల్జ్‌బర్గు సంగీతనాటకోత్సవములను స్థాపించినవారిలో నొకడు. ఆయన యూదుడు గావున 1938లో నాజీలు ఈ భవనమును లాగికొనిరి. ఆయనయు అమెరికాకు బోయి అచ్చటనే మరణించెను. దేశభ్రష్టుల కథను జెప్పదలచినవారు, తెలిసియో తెలియకయో, దేశభ్రష్టులను జేసినవాని యింటిచెంతనే, దేశభ్రష్టుడైనవాని తోటచెంతనే చిత్రయంత్రమును నిలిపిరి. చిత్రమునకు పదిమాటలలో జెప్పదగిన విషయము, చెప్పలేదు.

ఈ వృత్తాంతమునందు మనకును సంబంధ మున్నదని మన విద్యార్థు లెఱుగరు. ఆ యిరువదివేలమందిలో నొక చిన్నగుంపు సముద్రము దాటి, 1734లో అమెరికాలోని జార్జియాకు జేరి, ఎబెనెజరు అను గ్రామమును గట్టుకొనెను. వారికి తోడుగా బోయిన బోల్ట్‌సియుస్, గ్రోనౌ అను బోధకులిరువురు జర్మనీయందలి హాల్లె పట్టణపు అనాథశాలకు జేరిన పాఠశాలలో నుపాధ్యాయులు. ఆ హాల్లెనుండియే వచ్చిన బెంజమిన్ షుల్జె అను పండితుడు తరంగంబాడిలోను, 1728 మొదలు చెన్నపట్టణములోను పనిచేయుచు, తెలుగు నేర్చి, తెలుగునకు వ్యాకరణము వ్రాసి, బైబిలును తెనిగించెను. తిరిగి హాల్లె జేరిన పిమ్మట అచ్చటనే తెలుగులిపిని బోయించి చిన్నపుస్తకముల నచ్చువేయించెను. తెలుగున మొదట నచ్చుపడిన పుస్తకములలో నవి చేరినవి. ఇండ్లు పోయిన రైతులకు బోధకులను బంపిన స్థలమును, మన యక్షరములకు సీసపుటచ్చులు పోసిన స్థలమును ఒక్కటియే. సరస్సుగట్టున నిలిచి దీనిని దలచుకొనునప్పుడు ఆ నీరు మాకు పరాయినీరుగా దోపలేదు.

తల్లిదండ్రులకు మా విన్నపము. పిల్లలు చిత్రమును జూచి ఊరు చూతమన్నప్పుడు వలదనకుడు. పోగలిగినవారు కొందఱే, పోలేనివారికి పటము, పుస్తకము చాలును. కాని పోయినను పోకున్నను, పాట నేర్పినవారే ఆ పాట పాడిన కుటుంబము నిజముగా నెట్లుండెనో కూడ జెప్పవలెను. పదేండ్ల బాలుడు దీనిని భరింపలేడని కొందఱు భయపడుదురు. మా యనుభవము వేఱు. పెద్దవారే తమ చిన్ననాటి చిత్రమునకు భంగము గలుగునని జంకుదురు. పిల్లలు ‘అయితే నిజముగా ఏమి జరిగినది?’ అని వెంటనే యడుగుదురు. వార్షికోత్సవమున ఆ పాట పాడించు నుపాధ్యాయినులు, తెర యెత్తుటకు ముందు రెండునిమిషములు గేయార్గ్ ఫాన్ ట్రాప్‌ను గూర్చి యెవరిచేతనైన జెప్పించిన, పాట చెడదు.

ఊరివారిని గూర్చి యొక మాట. అది నించుమించు లక్షయేబదివేలమంది గల చిన్నపట్టణము. వేసవిలో దాని సందులలో నడచుటకు చోటుండదు. ఇండ్లముందు బాడువారును, మఠద్వారమును దట్టువారును వారి దినచర్యకు విఘాతము. మన దేవాలయముల యొద్ద పరదేశులు చెప్పులతో దిరిగిన మనకు గలుగు కోపమును దలచుకొన్న, అచ్చట గొంతు తగ్గించుట కష్టము గాదు.

వానలు మాత్రము దప్పవు. దారములు వ్రేలాడినట్లు సన్నగా, విడువక కురియు ఆ వానకు ఆ యూరివారు దారపువాన యనియే పేరు పెట్టిరి. 1964లో చిత్రము దీయుచుండగా ఈ వానచేతనే దినములు దినములు పని నిలిచిపోయెనట. మీరున్న దినములలో వాన పట్టినచో విసుగుకొనక నోన్‌బెర్గ్ మఠమునకు మెట్లెక్కిపొండు. ఎనిమిదవ శతాబ్దారంభమున బుట్టిన ఆ మఠమున నేటికిని సన్యాసినులు ప్రార్థనలు పాడుచున్నారు. దేవాలయము చిన్నది, చీకటిది. మరియాయును గేయార్గును వివాహమాడినది ఇందులోనే. గడప దాటి లోపల బల్లమీద గూర్చుండవచ్చును, టిక్కెట్టు లేదు.